ఎనభై అయిదు డెసిబెల్స్ తండ్రి

గొర్లె దాలినాయుడు మాట్లాడగా విన్నవాళ్ళు జామివలసలో తక్కువ. అరవగా విన్నవాళ్ళు మాత్రం ఊరంతా ఉన్నారు. ఆయన రైల్వే గేట్‌మన్. గేటు వేసి ఉండగా సైకిలు పక్కకి వంచి కింద నుంచి దూరబోయే ప్రతివాడి మీదా "ఆగూ" అని ఒక్క కేక వేస్తాడు. ఆ కేకకి సైకిళ్ళే కాదు, పక్క చేలో దుక్కి దున్నుతున్న ఎడ్లు కూడా ఆగిపోతాయి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నోటితో ఆయనకి పడిన పని అదొక్కటే. రైలు వస్తే పచ్చజెండా పట్టుకుని నిలబడాలి, అది చేత్తో చేసే పని. ఆపడానికి నోరు, పంపడానికి చెయ్యి. ఈ ఏర్పాటు ఆయనకి ఇంట్లో కూడా అలవాటైపోయింది.

ఆయన కూతురు నూకరత్నానికి పరుగంటే ప్రాణం. పదమూడేళ్ళ పిల్ల. పాలకేంద్రానికి పంపినా, పచారీ కొట్టుకి పంపినా నడిచి వెళ్ళి నడిచి వచ్చిన పాపాన పోలేదు. ఇది గమనించిన దాలినాయుడు ఒకరోజు రైలు కట్ట పక్కన మట్టిబాట వెంట కరెంటు స్తంభాలు లెక్కబెట్టుకుంటూ నడిచి, ఏడో స్తంభం దగ్గర సుద్దముక్కతో గీత గీసి వచ్చాడు. అది నాలుగు వందల మీటర్లు. ఆనాటి నుంచి రోజూ తెల్లవారగానే నూకరత్నం ఆ గీత దగ్గర వంగి నిలబడుతుంది. ఆయన గేటు దగ్గర పచ్చజెండా ఎత్తుతాడు. పిల్ల పరుగెత్తుకు వస్తుంది. ఆయన గడియారం చూసి, గేటు గది గోడ మీద సెకన్లు రాస్తాడు. ఆ రోజు పరుగు బాగుంటే జెండాని ఇంకో క్షణం ఎక్కువసేపు ఎత్తి ఉంచుతాడు. అది పిల్లకి తెలుసు. గోడ మీద అంకె డెబ్బై ఎనిమిది నుంచి అరవై నాలుక్కి దిగడానికి రెండేళ్ళు పట్టింది, ఈ రెండేళ్ళలో తండ్రీకూతుళ్ళు పరుగు గురించి మాట్లాడుకున్నది లేదు.

"గుంట అంతలా పరిగెట్టుకొత్తే బాగుందనో బాగోనేదనో ఒక్క మాటనొచ్చు కదేటి" అనేది భార్య అసిరమ్మ.

"జెండా సూపించేను కదే" అనేవాడు దాలినాయుడు.

ఇలా ఉండగా రాజధానిలో ఒక సదస్సు జరిగింది. పతకాలు తెచ్చిన వందమంది ఆడపిల్లల్ని విచారిస్తే తొంభై ఆరుగురు "మా అమ్మానాన్నలు ప్రోత్సహించారు" అని చెప్పారని అక్కడొక పండితుడు తెర మీద బొమ్మ వేసి చూపించాడు. ఇంకెవరైనా అయితే అవునవునని తలూపి భోజనాలకి లేచేవారు. క్రీడా వికాస సంస్థ సంచాలకులు మాత్రం భోజనం మాని ఉత్తర్వు రాయించారు. పతకాలకు మూలం తల్లిదండ్రుల ప్రోత్సాహమేనని శాస్త్రీయంగా నిర్ధారణ అయినందున, ప్రోత్సాహము ధ్రువీకరింపబడని బాలికలను పరుగెత్తనిచ్చి ప్రభుత్వ వనరులను వృథా చేయరాదని దాని సారాంశం. ఎవరి ప్రోత్సాహమూ లేకుండా పతకాలు తెచ్చిన తక్కిన నలుగురి మీదా విచారణకి వేరే ఉత్తర్వు వెళ్ళింది.

ఆ కాగితం పట్టుకుని స్కూల్లో ఆటలు నేర్పే కాంతామణి టీచరు స్కూటీ మీద గేటు దగ్గరికి వచ్చింది.

"నాయుడుగారూ, పధ్నాలుగో తారీకున క్రీడా పాఠశాల సెలెక్షన్లు. పధ్నాలుగేళ్ళు నిండితే తీసుకోరు. మన రత్నానికి మాఘంలో నిండిపోతాయి, అంటే ఇదే ఆఖరు. పరుగులో దానికి పోటీ లేదు, నాకా బెంగ లేదు. నా బెంగంతా మీ గురించే."

"నానేటి సేసేను టీచరమ్మా?"

"ఏమీ చెయ్యలేదనే వాళ్ళంటారు. మీరు ప్రోత్సహిస్తున్నట్టు సర్టిఫికెట్ కావాలి."

దాలినాయుడు కంగారుపడ్డాడు. సెలవు చీటీ రాసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కూతుర్నీ టీచర్నీ వెంటబెట్టుకుని జిల్లా స్టేడియానికి వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, ఎందుకైనా మంచిదని పచ్చజెండా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

ప్రోత్సాహ మూల్యాంకనాధికారి పరబ్రహ్మంగారు ఫారం తీశారు. నలభై గడుల ఫారం.

"వారానికి ఎన్ని ఘడియలు ప్రోత్సహించెదరు?"

"రోజూ తెల్లారి అరగంట బాబూ."

"ఏ రూపమున? వాచికమా, ఆంగికమా, ఆహారరూపమా?"

దాలినాయుడు టీచరు వైపు చూశాడు. నోటితోనా, చేత్తోనా, తిండితోనా అని అడుగుతున్నారని ఆవిడ చెప్పింది.

"సేత్తో బాబూ. జెండా సూపిత్తాను. అంబలి ఆలమ్మ ఇత్తాది."

"అంబలి తల్లి గడిలోనికి పోవును. జెండా చూపుట సంకేతమగును గాని ప్రోత్సాహము కానేరదు. సంకేతములు రవాణా శాఖ పరిధి." పరబ్రహ్మంగారు రెండు గడులు కొట్టివేసి, బల్ల మీద చిన్న పెట్టె ఒకటి పెట్టారు. చప్పుడు కొలిచే యంత్రం. "బాలికను కుర్చీలో కూర్చుండబెట్టి, రెండు మీటర్ల దూరమున నిలబడి ప్రోత్సహించుడు. ఎనభై అయిదు డెసిబెల్స్ రావలెను."

"ఎనభై అయిదే ఎందుకు సార్?" అంది కాంతామణి.

"అంతకు తగ్గిన ఇరుగుపొరుగులకు వినబడదు. ఇరుగుపొరుగులకు వినబడని ప్రోత్సాహమునకు సాక్ష్యమేమి?"

దాలినాయుడు కూతురి ఎదుట నిలబడ్డాడు. నోరు తెరిచాడు. కూతురు ఆయన వంక చూసింది. ఆయన నోరు మూసుకుని, అలవాటు కొద్దీ కుడిచెయ్యి పైకెత్తాడు. పెట్టె మీద నలభై ఒకటి పడింది. అది పంకా చప్పుడు.

"నాకు జెండా కనబడతాది సార్. అది సాల్దా?" అంది నూకరత్నం.

"గ్రహీత అభిప్రాయమునకు ఈ ఫారములో గడి లేదు" అన్నారు పరబ్రహ్మంగారు. దాలినాయుడికి నూటికి పదకొండు మార్కులు వేసి, తప్పినవారందరికీ స్టేడియంలో పదిరోజుల ప్రోత్సాహ శిబిరం ఉందని, అందులో గట్టెక్కితే పధ్నాలుగున రావచ్చని చెప్పి పంపారు.

తప్పినవాళ్ళు జిల్లాలో మూడు వందల మంది తేలారు. అంతమందికి నీడ కావాలి కాబట్టి పరుగుబాట మీద షామియానాలు వేశారు. గుంజలు పాతడానికి నేల మెత్తగా ఉన్నది అక్కడే. రాజధాని నుంచి వచ్చిన శిక్షకుడు చప్పట్లు మూడు రకాలనీ, శభాష్‌లు అయిదు రకాలనీ, భుజం తట్టడం అరచేతితోనే గాని వేళ్ళతో పనికిరాదనీ బోధించాడు. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో పిల్లలు బారులు తీరి కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రోత్సాహం అందుకున్నారు.

మూడోరోజుకి కాంతామణి ఉండబట్టలేక పరబ్రహ్మంగారిని పట్టుకుంది. "సెలెక్షన్లు నెత్తి మీద ఉన్నాయి సార్. పిల్లలు పరుగెత్తి మూడు రోజులైంది. ఒక గంటైనా వదలండి."

"అమ్మా, పరుగెత్తు బాలిక ధ్వనికి దూరమగును. దూరమైన కొలది ప్రోత్సాహము క్షీణించును. ఇది భౌతికశాస్త్రము. బాలికలు ఎంత కదలకుండ కూర్చుండిన అంత ప్రోత్సాహము ఒంటికి పట్టును."

సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ నూకరత్నం మోకాలు పట్టుకుని నిలబడిపోయింది. "నాన్నా, కాళ్ళు బిగిసిపోతన్నాయి. అరవై నాలుగు రాదు, సెలెక్సను నాటికి డెబ్బై కూడా రాదు" అంది. దాలినాయుడు ఆ కాళ్ళ వంక చూశాడు. రెండేళ్ళుగా తన జెండా చూసుకుని పరుగెత్తిన పిల్ల, ఇప్పుడు తన నోరు లేవకపోవడం వల్ల కుర్చీకి అతుక్కుపోయింది. తప్పంతా తనదే అనుకున్నాడు. అరవడం నేర్చుకుని తీరాలనుకున్నాడు.

సాధన చేయడానికి ఆయనకి తెలిసిన పరుగెత్తే వస్తువు ఇంకొకటే ఉంది. మర్నాడు పొద్దున్న, శిబిరానికి బయల్దేరే ముందు, బొగ్గు గూడ్సు వస్తుంటే, జెండా పట్టుకునే నిలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, "శభాష్, రా రా, పరిగెట్టు" అని గొంతు చించుకున్నాడు. గేట్‌మన్ అరిచాడంటే పట్టా విరిగిందని తప్ప రైల్వేలో ఇంకో అర్థం లేదు. డ్రైవరు బ్రేకులు బిగించాడు. యాభై ఎనిమిది పెట్టెల బండి కీచుమంటూ గేటు మీద అడ్డంగా ఆగింది. రెండు గంటలు ఊరు రెండు ముక్కలైంది. మధ్యాహ్నానికి స్టేషను మాస్టారి దగ్గర నుంచి మెమో వచ్చింది: "ఇకమీదట గేట్‌మన్‌లు రైళ్ళను ప్రోత్సహించరాదు."

పధ్నాలుగో తారీకు రానే వచ్చింది. సంచాలకులు స్వయంగా విచ్చేశారు. ముందుగా తల్లిదండ్రుల ప్రోత్సాహానికి పోటీ పెట్టారు. హీట్లు అయ్యాయి, సెమీఫైనల్సు అయ్యాయి. డప్పు తెచ్చుకున్న ఒక తండ్రిని కృత్రిమ సాధనం వాడాడని పంపేశారు. ఒక తల్లి గొంతులో మిరియాల కషాయం ఆనవాళ్ళు దొరికాయి, ఆవిడ మీద రెండేళ్ళ నిషేధం పడింది. శిబిరం పుణ్యమా అని దాలినాయుడు ఎనభై ఆరు, ఎనభై ఏడు చొప్పున గీతకి ఆనుకుని ఆనుకుని ఫైనల్ దాకా వచ్చేశాడు. అందుకు ఆయన కంటే ఎక్కువ ఆశ్చర్యపోయినవాళ్ళు లేరు.

ఫైనల్లో మనిషికి మూడు అవకాశాలు. అప్పటికి తొంభై నాలుగుతో ఒక రైసు మిల్లు మేస్త్రీ ముందున్నాడు. దాలినాయుడు మొదటిసారి "పరిగెట్టు తల్లీ" అంటే డెబ్బై రెండొచ్చింది. రెండోసారి గొంతు జీరబోయి అరవై దగ్గరే నిలిచిపోయింది. పెట్టె వంకా, నేల వంకా చూసి తలెత్తేసరికి ఎదుటి కుర్చీ ఖాళీగా కనిపించింది. నూకరత్నం పొద్దుటి నుంచి ఆ కుర్చీలో కూర్చుని ఉంది. తండ్రి పదిమంది ముందు అలా అవస్థ పడుతుంటే చూడలేకపోయింది. ఈ పరుగూ వద్దు, పాఠశాలా వద్దు అనుకుని లేచి, తల దించుకుని, స్టేడియం గేటు వైపు నడిచి వెళ్ళిపోతోంది.

"ఆగూ" అన్నాడు దాలినాయుడు.

పిల్ల ఆగింది. సంచాలకుల చేతిలో టీ గ్లాసు మూతి దాకా వెళ్ళి ఆగింది. రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఆగింది. యంత్రం మీద నూట పద్ధెనిమిది పడింది. అది కొలిచేది చప్పుడే గాని అందులో మాట ఏమిటన్నది దాని పరిధి కాదు. దాలినాయుడికి ప్రథమ స్థానం వచ్చింది.

దండలు పడ్డాయి, ఫొటోలు తీశారు. ఆ హడావిడి అంతా తగ్గాక కాంతామణి ముందుకొచ్చి, "సార్, షామియానాలు తీయిస్తే పరుగు పందెం పెట్టేద్దాం. పొద్దు వాలిపోతోంది" అంది.

"ఏ పరుగు?" అన్నారు సంచాలకులు.

"సెలెక్షన్లు సార్. ఆడపిల్లల నాలుగు వందల మీటర్లు."

సంచాలకులు చిరునవ్వు నవ్వారు. "ఎంపిక పూర్తయినది కదమ్మా. పరీక్షింపబడినవాడే అభ్యర్థి. నెగ్గిన అభ్యర్థికి సీటు. మూలమునే ఎంపిక చేసినప్పుడు ఫలమును మరల పరీక్షించుట ద్వంద్వ వ్యయము." పరబ్రహ్మంగారు జాబితా చదివారు. గొర్లె దాలినాయుడు, వయస్సు నలభై ఆరు, బాలికల క్రీడా పాఠశాలలో ప్రవేశమునకు అర్హుడు. ఒకటో తారీకున బకెట్టు, కంచం, దుప్పటి, రెండు నిక్కర్లతో హాజరు కావలెను.

"వయోపరిమితి పధ్నాలుగు కదండీ" అంది కాంతామణి. ఆవిడకి ఇంక నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.

"అది గ్రహీతకు. ప్రదాతకు వయోపరిమితి విధింపబడలేదు."

"నానెల్లిపోతే గేటెవులేత్తారు బాబూ?" అన్నాడు దాలినాయుడు.

"అది రవాణా శాఖ పరిధి" అన్నారు పరబ్రహ్మంగారు.

ఇంటికొచ్చి దాలినాయుడు మెళ్ళో దండ మేకుకి తగిలించి, గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. సీటు వచ్చింది, పిల్లకి రాలేదు. మాఘం మూడు నెలల్లోకి వచ్చేసింది. నూకరత్నం ఏడవలేదు, అదే ఆయన్ని మరీ కుంగదీసింది. అసిరమ్మ ఆయన తెచ్చిన ప్రవేశం కాగితం ఇటు తిప్పీ అటు తిప్పీ చూసింది. ఆవిడకి చదువు రాదు గాని ఆఫీసుల సంగతి తెలుసు, రేషను కార్డులో ఆవిడ పన్నెండేళ్ళుగా మగమనిషి.

"ఇందల నీ పేరున్నాది. పేరే కదా ఆలకి గావాల. పేరు నీది అంపించు, కాళ్ళు దానివి అంపించు" అంది.

ఒకటో తారీకున కాంతామణి నూకరత్నాన్ని క్రీడా పాఠశాలలో దింపి వచ్చింది. బకెట్టు, కంచం, దుప్పటి, రెండు నిక్కర్లు సరిగ్గా ఉన్నాయి. వార్డెను హాజరు పట్టీ తీసి "గొర్లె దాలినాయుడు" అని పిలిచింది.

"ప్రెజెంట్ మేడం" అంది రెండు జడల పిల్ల.

వార్డెను పట్టీలో అంటించిన మీసాల ఫొటో చూసింది, పిల్లని చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. ఆడపిల్లల హాస్టలుకి నలభై ఆరేళ్ళ మగమనిషి వస్తున్నాడని తెలిసినప్పటి నుంచి ఆవిడకి సరిగ్గా నిద్ర లేదు. ఎదుట ఆడపిల్ల కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. టిక్కు పెట్టి తరవాతి పేరు పిలిచింది.

మూడు నెలలు తిరక్కుండా రాష్ట్ర పోటీలు వచ్చాయి. నూకరత్నం కాళ్ళు మళ్ళీ కదిలాయి. పాఠశాలలో పరుగెత్తనిస్తారు, ఎందుకంటే దాలినాయుడి ప్రోత్సాహం ఇదివరకే ధ్రువీకరింపబడింది. పోటీల నాడు దాలినాయుడు సెలవు పెట్టి, జెండా చంకలో పెట్టుకుని స్టేడియానికి వచ్చాడు. ప్రోత్సాహకుల ఆవరణ ద్వారం దగ్గర ఆపేశారు.

"ఏ క్రీడాకారుడి తాలూకు?"

"దాలినాయుడి తాలూకు బాబూ."

ద్వారం దగ్గర గుమస్తా పట్టీ వెతికాడు. "దాలినాయుడుకి కుటుంబం నుంచి ఒకే పేరుంది. నూకరత్నం, కుమార్తె. ఆవిడ తప్ప ఇంకొకరు లోపలికి పోరాదు."

దాలినాయుడు ఆలోచించాడు. జీవితంలో అబద్ధం ఆడి ఎరగడు. కాని ఇక్కడ నిజం చెబితే, పట్టీ ప్రకారం తాను నిక్కరు తొడుక్కుని నాలుగో లేనులో ఉండాలి. "నూకరత్నం" అని సంతకం చేశాడు. గుమస్తా "కుమార్తె" అని రాసిన బిళ్ళ ఆయన జేబుకి గుచ్చి లోపలికి వదిలాడు.

చుట్టూ అయిదు వందల మంది తల్లిదండ్రులు, ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క పెట్టె. పందెం మొదలవక ముందే ఆ చప్పుడుకి పక్కవాడి మాట వినబడడం లేదు. నాలుగో లేనులో నూకరత్నం నడుం వంచి, తల తిప్పి ఆవరణ వైపు వెతికింది. దాలినాయుడికి కేక వెయ్యాలనిపించింది. అమ్మా అనో, రత్నం అనో ఏదో ఒకటి. ఈ వేళ తన కూతురంటే తనకెంత గర్వమో ఈ అయిదు వందల మందికీ తెలియాలనిపించింది. నోరు తెరిచాడు కూడా. వెంటనే గట్టిగా మూసుకుని, నిలబడి, పచ్చజెండా పైకెత్తాడు.

పిల్ల చూసింది. తుపాకీ పేలింది.

అరవై ఒక్క సెకన్లు. అందరికంటే నాలుగు అడుగులు ముందు. ఆమె గీత దాటి, తిరిగి నడిచి వచ్చి, కంచె దగ్గరికి చేరేదాకా ఆయన జెండా దించలేదు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

పదిహేను రోజులకి సంస్థ నివేదిక వెలువడింది. నలభై ఆరేళ్ళ వయస్సున బాలికల నాలుగు వందల మీటర్లలో ప్రథమ స్థానం సాధించిన శ్రీ దాలినాయుడు ప్రోత్సాహ పథకానికి తిరుగులేని నిదర్శనమని, వచ్చే ఏడు తండ్రులందరినీ చేర్చుకుంటామని అందులో రాశారు. అదే టపాలో గేటు దగ్గరికి ఇంకో కవరు వచ్చింది. పైన కుమారి గొర్లె నూకరత్నం అని ఉంది. దాలినాయుడు గది గుమ్మంలో కూర్చుని విప్పాడు.

"పోటీ సమయమున మీ ముందుంచిన యంత్రమున మీ కంఠధ్వని ఏమాత్రమును నమోదు కాలేదు. వృద్ధాప్యమునకు చేరువైన తండ్రి అంతటి శ్రమకోర్చి పరుగిడుచుండగా కుమార్తెగా ఒక్క మాటైనను పలుకక మౌనము వహించుటకు కారణమేమో ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో మీ తండ్రి సీటు రద్దు చేయబడును."

ఆయన రెండుసార్లు చదివాడు. రైళ్ళ పుస్తకం వెనక నుంచి ఒక తెల్లకాగితం చింపి, ఒళ్ళో పెట్టుకుని, కూతురి పేరు మీద జవాబు రాశాడు. ఆయన రాసిన ఉత్తరాల్లో పొడవైనది ఇదే.

"అయ్యా, మా ఇంట్లో తెలిసిన కేక ఒక్కటే. అది ఆపే కేక. బాగా పరుగెడుతున్న మనిషి ఆగిపోకూడదని నోరు మూసుకున్నాను. చిత్తగించవలెను. ఇట్లు, నూకరత్నం."

కవరు అంటిస్తుండగా గంట మోగింది. ఆయన లేచి గేటు వేసి, జెండా పట్టుకుని కట్ట పక్కన నిలబడ్డాడు. కూతురున్న ఊరి వైపు వెళ్ళే పాసింజరు అది. ఆఖరి పెట్టె వెళ్ళిపోయింది, గార్డు లోపలికి తిరిగాడు, గేటుకి అటూ ఇటూ స్కూటర్లు హారన్లు కొడుతున్నాయి. దాలినాయుడు ఇంకో క్షణం జెండా ఎత్తి ఉంచి, అప్పుడు గేటు తీశాడు.